నారింజ గండుపిల్లిని నల్లపిల్లి అన్న కిట్

పిల్లి చెంప లోపలి కణాలను చిన్న బ్రష్షుతో తీసి పంపితే, దాని బొచ్చు రంగూ చారల తీరూ ఏ జన్యువుల వల్ల వచ్చాయో చెప్పే ఇంటి పరీక్ష కిట్లు కొంతకాలంగా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అలాంటి కిట్ ఒకటి నా మూడు పిల్లులు పండు, బొగ్గు, చిత్రల కోసం తెప్పించుకున్నాను. నివేదికల్లో నేను మొదట తెరిచినది పండుది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "రంగు: నలుపు. తీరు: చారలు లేని ఏకవర్ణం" అని ఉంది. పండు నాలుగేళ్ల గండుపిల్లి. పేరుకు తగ్గట్టే మెడ మొదలు తోక కొస వరకు నారింజ రంగు, నుదుటి మీద దిద్దినట్టున్న 'ఎమ్' గుర్తు, వెన్ను నుంచి రెండు పక్కలకూ దిగిన సన్నని చారలు, తోక చుట్టూ ఉంగరాలు. దాని ఒంటి మీద నల్ల వెంట్రుక ఒక్కటి వెతికి చూపించినవారికి ఇంకో కిట్ నేనే కొనిపెడతాను.

నమూనాలు తారుమారయ్యాయేమోనని మొదట అనుకున్నాను. లోపలి పట్టికను జన్యువు తరువాత జన్యువుగా చదివాక అది కాదని అర్థమైంది. ప్రయోగశాల తన పని సరిగ్గానే చేసింది. ఆ ఫలితాలన్నిటినీ కలిపి ఒక వాక్యంగా కుదించిన చోట తప్పు జరిగింది. అందువల్ల ఈ కిట్‌కు ఒకే మార్కు వేయడం నాకు సాధ్యం కాలేదు. లోపలి పట్టికకు దాదాపు పూర్తి మార్కులు ఇస్తాను, మొదటి పేజీని మాత్రం చదవకుండానే తిప్పేయమని చెబుతాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి కిట్ ఏది కొన్నా నివేదికలో ఏ పేజీని ఎంతవరకు నమ్మాలో తెలియడమే పిల్లి పెంచేవారికి అవసరం.

పెట్టెలో ఒక్కో పిల్లికి రెండేసి బ్రష్షులు, పేరు రాసుకునే కవర్లు, మడతలు విప్పితే బల్లంత వెడల్పయ్యే రంగుల పటం, ఒక సూచనల కాగితం ఉన్నాయి. సూచనల కాగితం రాసినవారెవరో గానీ పిల్లులతో మెలిగినవారే అయి ఉండాలి. ప్రతి సూచనకూ కారణం చెప్పారు: తిన్న వెంటనే నమూనా తీస్తే తిండిలోని మాంసం కణాలు కూడా బ్రష్షుకు అంటుకుంటాయి, పాలు తాగే కూన అయితే తల్లి కణాలు దాని నోట్లో ఉంటాయి కనుక ముందుగా కాసేపు తల్లి నుంచి వేరుగా ఉంచాలి, బ్రష్షు ఆరకముందే కవరులో పెడితే బూజు పడుతుంది. బొగ్గు మారాం చేయకుండా నోరు తెరిచింది. పండు బ్రష్షును ఆటవస్తువనుకుని నమిలింది, అదీ ఒకందుకు మంచిదే అయింది. చిత్రను తువ్వాలులో చుట్టి పట్టుకున్నా ఎలాగో ఒక ముందుకాలు బయటికి లాగి బ్రష్షును మంచం కిందికి కొట్టింది. దాని నమూనాలో కణాలు చాలలేదని రెండు వారాల తరువాత మెయిల్ వచ్చింది. కొత్త బ్రష్షులు ఉచితంగానే పంపారు, రెండోసారి ఇబ్బంది లేకుండా పని పూర్తయింది. ఖాతా తెరిచేటప్పుడు ఒక్కో పిల్లివి ముఖం, ఎడమ పక్క, కుడి పక్క అంటూ మూడు ఫొటోలు, అవి కూడా పగటి వెలుతురులో తీసినవే కావాలని అడిగారు. ఆ ఫొటోలను ఎవరూ తెరిచి చూడలేదన్న సంగతి నివేదిక వచ్చాక గానీ తెలియలేదు.

పండు విషయం అర్థం కావాలంటే ముందుగా ఒక వెంట్రుకను చూడాలి. మా స్నేహితురాలి మట్టిరంగు చారల పిల్లి నుంచి రాలిన వెంట్రుకను తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంతో చూస్తే అది ఒకే రంగులో ఉండదు. కొస నల్లగా, దాని కింద పసుపుపచ్చని పట్టీ, ఆ కింద మళ్లీ ముదురుగా కనిపిస్తుంది. పిల్లి బొచ్చులో ఉండే వర్ణకాలు రెండే: నలుపు వైపుది యూమెలనిన్, పసుపు ఎరుపుల వైపుది ఫియోమెలనిన్. వెంట్రుక పెరుగుతున్నంతసేపూ వర్ణకణం వీటి మధ్య మారుతూ ఉంటే ఇలా పట్టీల వెంట్రుక వస్తుంది. ఆ మార్పును నడిపేది అగౌటి అని పిలిచే జన్యువు. చారల పిల్లి ఒంటి మీద చారల మధ్య లేతగా కనిపించే నేల అంతా ఈ పట్టీల వెంట్రుకలే, చారల చోట మాత్రం వెంట్రుకలు మొదలంటా ముదురుగా ఉంటాయి. అగౌటి జన్యువులో రెండు డి.ఎన్.ఏ. అక్షరాలు ఊడిపోయిన రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చాయంటే పట్టీలు పడవు, నేల కూడా చారలంత నల్లగానే మారిపోయి చారలు అందులో కలిసిపోతాయి. నల్లపిల్లి అంటే ఇదే. నల్లపిల్లికి చారలు లేవనడం సరికాదు, చారల మధ్య ఉండవలసిన లేత నేల లేదనాలి.

పండు పట్టికలో అగౌటి దగ్గర ఊడిపోయిన రూపం రెండు ప్రతులు ఉన్నాయి. నలుపు, గోధుమ రంగుల జాబితాలో నలుపు ఉంది. ఈ రెండింటినీ కలిపి చదివిన సాఫ్ట్‌వేర్ "నలుపు, ఏకవర్ణం" అని తేల్చింది. కానీ నారింజ రంగు ఉన్న పిల్లిలో అగౌటి మాట చెల్లదు. నారింజ జన్యువు వర్ణకణాన్ని నల్ల వర్ణకం చేయనివ్వదు, అంతేకాక నారింజ బొచ్చులో అగౌటి ఎలా ఉన్నా చారలు కనిపించి తీరుతాయి. ఒక్క చార కూడా లేని నారింజ పిల్లి కోసం ఎంత వెతికినా మెడ దగ్గరో, తోక మీదో, నుదుటి మీదో జాడ దొరుకుతుంది. పండు లోపల నల్లపిల్లి జన్యువులే ఉన్నాయన్న సంగతి దాన్ని నాలుగేళ్లుగా ఎత్తుకుని తిరుగుతున్న నాకు తెలియదు, దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు కూడా. ఈ కిట్ నాకు చెప్పినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. అదే సంగతిని మొదటి పేజీలో తప్పుగా అచ్చువేసి తన విలువను తానే పోగొట్టుకుంది.

కారణం చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ఈ పరీక్షలో నారింజ జన్యువు చేర్చలేదు. ఇది ఒకప్పుడు క్షమించదగిన లోపమే. నారింజ రంగు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందని దాదాపు వందేళ్లుగా తెలిసినా, అది ఏ మార్పో చాలాకాలం ఎవరికీ అంతుచిక్కలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా పరిశోధించి, 2025లో ఒకేసారి ఫలితాలు ప్రచురించాయి. ఎ.ఆర్.హెచ్.జి.ఎ.పి.36 అనే జన్యువు దగ్గర సుమారు 5,000 అక్షరాల ముక్క ఊడిపోవడంతో, మామూలుగా వర్ణకణంలో మూగగా ఉండవలసిన ఆ జన్యువు అక్కడ పనిచేయడం మొదలుపెడుతుంది, నల్ల వర్ణకం తయారీ ఆగిపోతుంది. ఇది తెలిశాక కూడా పరీక్షను చేర్చకపోవడం ఒక ఎత్తు. చేర్చనప్పుడు రంగు ఏమిటో తేల్చి చెప్పకుండా ఉండవలసింది, లేదా అడిగి తీసుకున్న ఫొటోనైనా చూడవలసింది.

బొగ్గు నివేదిక మొదటి పేజీ మాత్రం సరిగ్గా ఉంది: నలుపు, ఏకవర్ణం. ఏ పిల్లీ నారింజ కాదనుకునే సాఫ్ట్‌వేర్‌కు నల్లపిల్లి దొరికితే జవాబు సరిపోక ఏమవుతుంది? బొగ్గు పట్టికలో నన్ను ఆపిన వరుస వేరే ఉంది. టాక్‌పెప్ అనే జన్యువు దగ్గర మారిన రూపం రెండు ప్రతులు ఉన్నాయి, అంటే నలుపు లేకపోతే బొగ్గు సన్నని నిలువు చారల పిల్లి అయ్యేది కాదు, పక్కల మీద వెడల్పాటి సుడులు తిరిగిన పిల్లి అయ్యేది. పిల్లులు పెంచేవారు సన్న చారల తీరును మ్యాకరెల్ అని, సుడుల తీరును క్లాసిక్ లేదా బ్లాచ్డ్ అని పిలుస్తారు. ఆ సాయంత్రం కిటికీ అంచున పడుకున్న బొగ్గు మీద ఏటవాలు ఎండ పడుతుండగా ఫోన్ లైటు కూడా పక్కనుంచి వేసి చూశాను. డొక్క మీద, కుడిపక్కన, నలుపులో నలుపుగా ఒక గుండ్రని సుడి, దాని నడుమ ఒక చుక్క, వెన్ను పొడవునా మూడు మందమైన గీతలు. రెండేళ్లుగా దువ్వుతున్న ఒంటి మీద అంత స్పష్టంగా ఉన్న బొమ్మను ఎప్పుడూ గమనించలేదు. కూనలుగా ఉన్నప్పుడు నల్లపిల్లుల మీద ఇలాంటి నీడచారలు మామూలే, చాలావాటిలో పెరిగాక కనుమరుగవుతాయి. బొగ్గులో మిగిలి ఉన్నాయి. కిట్ లేకపోతే నేను అలా లైటు వేసి చూసి ఉండేదాన్ని కాదు.

టాక్‌పెప్ గురించి నివేదికలో ఇచ్చిన రెండు పేజీల వివరణ బాగుంది, కొంచెం ఎక్కువ రాసినా విసుగనిపించేది కాదు. ఈ జన్యువును 2012లో గుర్తించారు, చీతాల్లో చుక్కలు కలిసిపోయి వెన్ను మీద మందమైన గీతలుగా మారిన రాజచీతాలకు కూడా ఇదే జన్యువులో మార్పు కారణమని అప్పుడే తేలింది. సన్న చారలు అడవిపిల్లి నుంచి వచ్చిన పాత తీరు. సుడుల తీరు ఎప్పటిదో నివేదిక చెప్పలేదు గానీ, పురాతన పిల్లుల ఎముకల్లోని డి.ఎన్.ఏ.ను పరిశీలించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం దానికి జవాబిచ్చింది. ఈజిప్టు మమ్మీల నుంచి ఓడరేవుల పిల్లుల వరకు చూసినా సుడుల రూపం మొదట కనిపించింది 14వ శతాబ్దంలో, ఒట్టోమన్ పాలనలోని నేలపై దొరికిన పిల్లిలో. అది విరివిగా వ్యాపించింది 18వ శతాబ్దం తరువాతనే. మనిషి పిల్లిని దగ్గరకు తీసుకున్న వేల సంవత్సరాల్లో చాలాకాలం దాని ఒంటి తీరు జోలికి వెళ్లలేదన్నమాట. చారల పిల్లిని ఇంగ్లీషులో పిలిచే ట్యాబీ అన్న మాట కూడా బాగ్దాదులో ఒకప్పుడు అత్తాబీ అనే పేట ఉండేదనీ, అక్కడ నేసిన చారల పట్టుబట్ట పేరు పిల్లికి అంటుకుందనీ నిఘంటువులు చెబుతాయి.

మూడో జన్యువు డి.కె.కె.4. దీన్ని 2021లో గుర్తించారు. ఈ భాగం నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే చారలు ఎప్పుడు పుడతాయన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. కూన ఇంకా తల్లి కడుపులో ఉన్నప్పుడు, వెంట్రుక కుదుళ్లు గానీ రంగు గానీ రాకముందే, చర్మంలో కొన్నిచోట్ల మందమైన పట్టీలు, వాటి మధ్య పలుచని పట్టీలు ఏర్పడతాయి. డి.కె.కె.4 జన్యువు ఆ దశలో ఏ కణాల్లో పనిచేస్తుందో చూస్తే తరువాత ముదురు చార వచ్చే చోటే ముందుగా గుర్తుపడి ఉంటుంది. అంటే పండు చారల పటం దానికి వెంట్రుకలు రాకముందే గీసి ఉంది, రంగు ఆ పటాన్ని నింపింది అంతే. ఈ జన్యువు మారితే చారలు సూక్ష్మంగా విడిపోయి ఒళ్లంతా కుందేలు బొచ్చులా ఒకే మిశ్రమంగా కనిపిస్తుంది. అబిస్సీనియన్ జాతిలో ఉండేది ఈ తీరే, దీన్ని టిక్డ్ అంటారు. స్నేహితురాలి ఇంకో పిల్లిని చూసి మేం చాలాకాలం అబిస్సీనియన్ సంకరమని అనుకునేవాళ్లం. తను కూడా ఇదే కిట్ తెప్పించింది. మారిన ప్రతి ఒక్కటే ఉందని తేలింది. కాళ్ల మీద అడ్డగీతలు, మెడ చుట్టూ గొలుసులాంటి గీత ఎందుకు మిగిలాయో దానితో తెలిసింది. ఆ పిల్లి విషయంలో మొదటి పేజీ కూడా సరిగ్గానే రాసింది. జాతి విషయం మాత్రం ఈ పరీక్ష చెప్పదు, చెప్పినట్టు నటించనూ లేదు. ఆ నిజాయితీకి ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

చిత్ర దగ్గరికి వచ్చేసరికి కిట్ లోపం వేరే రకంగా బయటపడింది. చిత్ర కాలికో, అంటే తెలుపు మీద నలుపు, నారింజ మచ్చలు ఉన్న పెంటిపిల్లి. మొదటి పేజీ దాన్ని "నలుపు తెలుపు" అంది. ఒంట్లో ముప్పాతిక వంతు అబద్ధం కాదు, నారింజ మచ్చలు మాత్రం దాని లెక్కలో లేవు. ఎక్స్ క్రోమోజోములు రెండు ఉండే పెంటిపిల్లిలో ఒకదాని మీద నారింజ, మరొకదాని మీద మామూలు రూపం ఉంటే, పిండదశలోనే ప్రతి కణమూ రెండింటిలో ఒక ఎక్స్‌ను మూసేస్తుంది. ఏది మూతపడుతుందన్నది ఆ కణానికి అప్పటికప్పుడు పడే లాటరీ లాంటిది. ఆ కణం నుంచి వచ్చే సంతతి అంతా అదే నిర్ణయానికి కట్టుబడి ఉంటుంది, దాంతో ఒక చోట నల్లమచ్చ, ఇంకో చోట నారింజ మచ్చ వస్తాయి. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో ప్రతిపాదించినది ఇదే. తెలుపు ఎక్కువున్న పిల్లుల్లో మచ్చలు పెద్దవిగా, విడివిడిగా ఉంటాయి. తెలుపు లేని టార్టాయిస్‌షెల్ పిల్లుల్లో రెండు రంగులూ చిలికి కలిపినట్టు ఉంటాయి.

పండు గురించి నేను పైన చెప్పినదంతా చిత్ర ఎడమ భుజం మీద ఒక్క అరచేతి వెడల్పులో చూడవచ్చు. అక్కడ నల్లమచ్చ, నారింజ మచ్చ పక్కపక్కనే ఉన్నాయి. చిత్రకు కూడా అగౌటి దగ్గర ఊడిపోయిన ప్రతులే రెండు. నల్లమచ్చలో ఒక్క గీత లేదు. నారింజ మచ్చలో మూడు చారలు చక్కగా కిందికి దిగుతున్నాయి, నలుపు సరిహద్దు తగలగానే కత్తిరించినట్టు ఆగిపోతున్నాయి. రెండు మచ్చల్లోని కణాలకూ ఒకే జన్యువులు ఉన్నాయి, ఏ ఎక్స్ మూతపడిందన్నదే తేడా. ఈ కిట్ పటంలో ఇలాంటి భుజం ఫొటో ఒక్కటి వేసి ఉంటే పేజీలకు పేజీలు రాయవలసిన పని తప్పేది.

కిట్ డబ్బా మీద "మీ పిల్లి రూపం వెనుక ఉన్న పూర్తి కథ" అని ఉంది. కాలికో యజమానులు ఆ మాటను నమ్మవద్దు. ప్రపంచంలో మొదటి క్లోన్ పిల్లి సీసీ 2001 డిసెంబరు 22న టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పుట్టింది. కణాన్ని ఇచ్చిన పిల్లి రెయిన్‌బో కాలికో. జన్యువులన్నీ అవే అయినా సీసీ ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటి కూడా లేదు, ఎందుకంటే ఏ కణం నుంచి క్లోన్ చేశారో ఆ కణంలో నారింజ ఉన్న ఎక్స్ అప్పటికే మూతపడి ఉంది. జన్యువులన్నీ యథాతథంగా ఇచ్చినా మచ్చల పటం తిరిగి రానప్పుడు, పది పదిహేను జన్యువులను చూసే పరీక్ష చిత్ర మచ్చలను ఎలా చెప్పగలదు? నారింజ పరీక్షను రేపు చేర్చినా చిత్ర కాలికో అని చెప్పగలరే తప్ప, ఏ చెవి ఏ రంగో చెప్పలేరు.

తెలుపు మచ్చలకు కారణమైన కిట్ జన్యువు గురించిన భాగం చిన్నదైనా స్పష్టంగా ఉంది. పరీక్షకూ జన్యువుకూ పేరు ఒకటే కావడం చదివేటప్పుడు కొంత నవ్వు తెప్పించింది. పూర్వం ఎప్పుడో పిల్లుల్లో చొరబడిన ఒక రెట్రోవైరస్ తునక ఈ జన్యువులో ఇరుక్కుంది. తునక మొత్తంగా ఉంటే తెల్లమచ్చలు వస్తాయి, చిన్న శకలం మాత్రమే మిగిలి ఉంటే పిల్లి పూర్తిగా తెల్లబడుతుంది. చిత్రకు మచ్చల రూపం ఒక ప్రతి ఉంది. పూర్తి తెలుపు రూపానికి సంబంధించిన నమూనా నివేదిక వారి వెబ్‌సైటులో చూశాను. రంగు గురించి తప్ప వేరే మాట లేదు. రెండు కళ్లూ నీలంగా ఉన్న తెల్లపిల్లుల్లో 65 నుంచి 85 శాతం వరకు చెవుడు ఉంటుందని పశువైద్యులు చెబుతారు. పూర్తి తెలుపు ఫలితం వచ్చిన యజమానికి "పిల్లి వినికిడి ఒకసారి పరీక్ష చేయించండి" అన్న ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డమొచ్చిందో తెలియదు.

లేతరంగు జన్యువు దగ్గర చిత్రకు ఒక ప్రతి దొరికింది. రెండు ప్రతులుంటే నలుపు బూడిద రంగుగా, నారింజ మీగడ రంగుగా మారుతుంది, ఒక్కటే ఉంటే కనిపించదు. "ఇలాంటి ప్రతి ఉన్న తండ్రితో కలిస్తే బూడిద రంగు కూనలు పుట్టవచ్చు" అని ఉత్సాహంగా రాశారు. చిత్రకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి మూడేళ్లయింది, ఆ సంగతి నేను ఫారంలో నింపాను కూడా.

రంగుల పటం చూడముచ్చటగా ఉంది. గోడకు తగిలించుకున్నాను, తప్పులున్నాయని తెలిసీ. పిల్లుల పోటీల్లో వాడే పేర్లు కొత్తవారిని తికమక పెడతాయి. బూడిద పిల్లిని బ్లూ అని, నారింజ పిల్లిని రెడ్ అని అంటారు. పటం ఆ పేర్ల పక్కన మామూలు మాటలు కూడా ఇచ్చింది, ఇది మంచి పని. సియామీస్ పిల్లుల ముఖం, చెవులు, కాళ్లు, తోక మాత్రమే ముదురుగా ఎందుకుంటాయో అందులో చెప్పిన తీరు ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు: వాటి వర్ణకాన్ని తయారుచేసే ఎంజైము ఒంటి వెచ్చదనానికి పనిచేయదు, చల్లగా ఉండే అంచుల్లోనే పనిచేస్తుంది, వెచ్చని కడుపులో నుంచి వచ్చిన కూనలు అందుకే తెల్లగా పుడతాయి. అదే పటంలో కాలికోలు ఎప్పుడూ పెంటివే అని రాశారు. రెండు ఎక్స్‌లతో పాటు వై కూడా ఉన్న గండుపిల్లులు అరుదుగా పుడతాయి, వాటికీ మూడు రంగులూ ఉండవచ్చు, అవి చాలావరకు గొడ్డువే. చుక్కల తీరుకు ప్రత్యేకంగా ఒక జన్యువు ఉన్నట్టు కూడా పటంలో బొమ్మ వేశారు. తమాషా ఏమిటంటే ఆ జన్యువు వారి పట్టికలోనే లేదు. చుక్కలు చాలావరకు సన్న చారలు ముక్కలైనట్టు కనిపించేవి, వాటి వెనుక ఒకే ఒక జన్యువు ఉందని నిర్ధారణ కాలేదు. ఇక నారింజ పిల్లులు కలుపుగోలువి, కాలికోలు మొండివి అంటూ అడుగున వేసిన గుణాల పెట్టె గురించి రాసి పాఠకుల సమయం వృథా చేయను.

ఎండలో బొగ్గు వీపు మీద కొంత ఎరుపు తిరగడం గురించి నివేదికలో ఏమైనా ఉంటుందేమోనని చూశాను. లేదు, ఉండకపోవడం సబబే, అది జన్యువు పని కాకపోవచ్చు. ఎండకు నల్లబొచ్చు వెలిసిపోతుంది, తిండిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం తగ్గినా నలుపు ఎరుపుగా మారుతుంది. ఇలాంటప్పుడు పరీక్ష కన్నా పశువైద్యుణ్ణి అడగడం మేలు. వెండిరంగు పిల్లుల పరీక్ష కూడా ఈ జాబితాలో లేదు, అలాంటి పిల్లి ఉన్నవారు డబ్బు పెట్టేముందు ఆ సంగతి చూసుకోవాలి.

కూనలు పుట్టించే ఉద్దేశంతో పిల్లులను పెంచేవారికి లోపలి పట్టిక నిజంగా పనికొస్తుంది. నల్లపిల్లి లోపల ఏ చారల తీరు ఉంది, మామూలు రంగు పిల్లి లోపల బూడిద ఉందా, సియామీస్ ముదురు అంచుల రూపం ఒక ప్రతి దాగి ఉందా అన్నవి కంటికి తెలియవు. నారింజ పిల్లి యజమాని, కాలికో యజమాని మాత్రం నారింజ పరీక్ష ఉన్నదేదో చూసుకుని కొనడం మంచిది. రంగు పేరు తెలుసుకోవడానికే అయితే కిట్ అక్కర్లేదు, ఉదయపు ఎండలో పిల్లిని పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

మొదటి పేజీ తప్పు గురించి పండు ఫొటో జతచేసి మెయిల్ పంపాను. మూడు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది, సవరించిన నివేదిక వారం తరువాత వచ్చింది. "రంగు: నలుపు" అన్న చోట ఇప్పుడు "రంగు: నిర్ధారించలేకపోయాం" అని ఉంది. దాని పక్కనే, ఈసారి ఎవరో చూసి పెట్టినట్టున్నారు, నేను పంపిన నారింజ పండు ఫొటో ఉంది. చిత్ర ఇంకా నలుపు తెలుపే.